పన్నెండో అధ్యాయం మొదలుపెట్టే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ మొన్న ఫోను చేసింది. ఆవకాయ సంగతీ, మేడమీద ట్యాంకు కారుతున్న సంగతీ అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు, "బుజ్జి ఆఫీసు పని చాలదన్నట్టు ఇంకేవో డాక్యుమెంట్లు తిరగరాసే పని నెత్తికెత్తుకుందట అక్కా, పైసా ఇవ్వరట" అంది. ఏ డాక్యుమెంట్లని అడిగితే దానికి తెలియదు. నువ్వు పంపిన మెసేజి నాకు పంపించమన్నాను. చూస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మాన్యువల్లో పన్నెండో అధ్యాయం, ఫుల్ టెక్స్ట్ సెర్చ్, అంటే దాచిన పాఠాల్లో మాటలు వెతకడం గురించిన అధ్యాయం! ఉద్యోగమంతా గ్రంథాలయంలో కేటలాగులతోనే గడిపిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఈ సంగతి నాకు మీ అమ్మ ద్వారా తెలియాలా? సరే, కోపం కక్కేశాను. ఇక విను.

గర్వంగా లేదని కాదు. డేటాబేస్ రాసినవాళ్లకు పేరు వస్తుంది. దాని మాన్యువల్ సరిచేసినవాళ్లను ఎవరూ తలచుకోరు. అలాంటి పనికి నువ్వు ముందుకొచ్చావంటే మీ తాతయ్య పోలిక ఎక్కడో వచ్చిందనుకున్నాను. ఆయన ఊళ్లో అందరి అర్జీలూ రాసిపెట్టేవారు. తప్పుగా రాస్తే పోయేది ఎదుటివాడి పొలం కాబట్టి, రాసింది వాళ్లకే పైకి చదివి వినిపించి, వాళ్లు అవునన్నాకే కాగితం చేతికిచ్చేవారు. నీ మెసేజి చూసిన రాత్రి ఆయనే గుర్తొచ్చారు, నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటూ అటు ఇంకేదో టైపు చేసుకుంటావు.

ముందు తేలిక సంగతులు. సోర్సు మొత్తం దించుకో. అధ్యాయం ఉన్న ఫైలు పేరు చివర ఎస్‌జీఎంఎల్ అని ఉంటుంది కానీ లోపల ఉన్నది డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి. మార్చిన ప్రతిసారీ ఆ ఫోల్డరులో మేక్ చెక్ నడుపు. తర్వాత మేక్ హెచ్‌టీఎంఎల్ చేసి బ్రౌజరులో కళ్లారా చూడు. విభాగాల ఐడీలు మార్చకు, వాటిని నమ్ముకుని బయట ఎన్ని లంకెలున్నాయో మనకు తెలియదు. ఒక ప్యాచ్‌లో, అంటే పంపే ఒక మార్పుల కట్టలో, ఒకే పని. అక్షరదోషాలు దిద్దడం ఒక ప్యాచ్, అర్థం మార్చడం ఇంకో ప్యాచ్. ఏ వెర్షన్‌లో ఏది వచ్చిందో చూసుకుని రాయి: పదబంధాల వెతుకులాట 9.6లో, మామూలుగా టైపు చేసిన మాటలను వెతుకులాట ప్రశ్నగా మార్చే వెబ్‌సెర్చ్ టు టీఎస్‌క్వెరీ ఫంక్షన్ 11లో, మిగతా కాలమ్‌ల నుంచి తమ విలువ తామే కట్టుకునే జనరేటెడ్ కాలమ్‌లు 12లో వచ్చాయి. పాత శాఖలకు కూడా మార్పు వెళ్లేటప్పుడు ఈ తేడా తప్పితే ఎవరో ఒకరు లేని ఫంక్షన్‌ను పిలిచి తలపట్టుకుంటారు. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా చెప్పకుండా ఉండలేను.

ఒక్క మాట కూడా మార్చకముందు అధ్యాయాన్ని మొదటి నుంచి చివరి దాకా చదువు. చదివేశానంటావు. ఎలా చదివి ఉంటావో నాకు తెలుసు, కావలసిన ఉదాహరణ దొరికేదాకా కిందికి తోసుకుంటూ పోయి ఉంటావు. అందరూ అలాగే చదువుతారు. ఆ గొడవ తర్వాత చెబుతాను.

ఈ వెతుకులాట పోస్ట్‌గ్రెస్ అసలు శరీరంలోకి 2008లో, 8.3 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు టీసెర్చ్2 అనే విడి మాడ్యూలుగా ఉండేది. దాని వెనక ఉన్న ముఖ్యులు మాస్కోకు చెందిన ఒలేగ్ బార్తునోవ్, తియోదోర్ సిగాయెవ్. బార్తునోవ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. అందుకే ఆ అధ్యాయంలో చాప మీద కూర్చున్న లావుపాటి పిల్లికి పక్కనే సూపర్‌నోవాలూ, న్యూట్రినోలూ, డార్క్ మ్యాటరూ కనిపిస్తాయి. ఎవరి ఇంట్లో ఏ సామాను ఉంటే వాళ్ల ఉదాహరణల్లో అదే ఉంటుంది కదా. నాకైతే ఆ పేజీలు చదువుతుంటే రాత్రంతా దూరదర్శిని దగ్గర మేలుకుని, పగలు డేటాబేస్ కోడు రాసిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ల చేతులు దురదపెట్టేది ఇక్కడే. ఈ నక్షత్రాలెందుకు, చక్కగా ఆన్‌లైన్ దుకాణం పెడదాం అంటారు. నువ్వు ఆ జోలికి పోకు. ఆ పిల్లి వాక్యం ఫలితం చూడు: పిల్లికి మూడో స్థానం, చాపకు ఏడో స్థానం. మధ్యలో ఉన్న చిన్న మాటలు స్టాప్‌వర్డ్‌లు, అంటే వెతుకులాటలో వదిలేసే మాటలు, కాబట్టి ఇండెక్స్‌లోకి రావు, కానీ వాటి స్థానం మాత్రం లెక్కలో ఉంటుంది. ఆ అంకెలే సగం పాఠం చెబుతున్నాయి. నువ్వు పిల్లిని తీసి చెప్పులజత పెడితే అంకెలన్నీ మారిపోతాయి. తప్పక మార్చాల్సి వస్తే ఉదాహరణను నిజంగా నడిపి, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే అతికించు. చేత్తో దిద్దిన ఫలితం మాన్యువల్లో పెట్టడం దొంగలెక్క రాయడమే.

ఏదైనా వాక్యం వంకరగా కనిపిస్తే కొట్టేసే ముందు ఏ వాక్యం ఎవరు ఎప్పుడు రాశారో చూపే గిట్ బ్లేమ్‌లో దాని పుట్టుక చూడు. వంకర వాక్యం వెనక చాలాసార్లు ఎవరో దెబ్బ తిన్న కథ ఉంటుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. డేటాబేస్‌లో చాలా తప్పులు అరుస్తాయి. కాలమ్ పేరు తప్పు రాస్తే అరుస్తుంది, కామా మరిచిపోతే అరుస్తుంది. వెతుకులాట ప్రశ్న కట్టే టు టీఎస్‌క్వెరీకి రెండు మాటలు మధ్యలో గుర్తు లేకుండా ఇస్తే సింటాక్స్ తప్పని అరుస్తుంది. అరిచేదాన్ని ఎవరో ఒకరు సరిచేస్తారు. వెతుకులాట తప్పితే మాత్రం కిక్కురుమనదు. ఫలితాలు సున్నా అంటుంది, అంతే. సున్నా సరైన జవాబు కూడా కావచ్చు కదా! అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. లేదు కాబోలు అనుకుని వెళ్లిపోతారు.

అదే అధ్యాయంలో రెండు హద్దులు పక్కపక్కనే రాసి ఉంటాయి, చూడు. పాఠంలోని మాటలనూ వాటి స్థానాలనూ దాచే టీఎస్‌వెక్టర్ పరిమాణం 1 మెగాబైటు లోపు ఉండాలి. మాట స్థానం 16,383 దాటకూడదు. రెండూ ఒకే జాబితాలో, ఒకే స్వరంతో ఉంటాయి. కానీ మొదటిది దాటితే డేటాబేస్ ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగిపోతుంది. రెండోది దాటితే చప్పుడు లేకుండా ఆ పైమాటలన్నింటికీ 16,383 అనే రాసేసుకుంటుంది. అంటే పెద్ద పుస్తకం మొత్తం పాఠం ఎక్కించి, పక్కపక్కనే వచ్చే రెండు మాటల కోసం వెతికితే, మొదటి అధ్యాయాల్లో ఉన్నవి దొరుకుతాయి, చివరి అధ్యాయాల్లో ఉన్నవి దొరకవు. విడివిడిగా వెతికితే మళ్లీ దొరుకుతాయి. ఈ తేడా ఎవరు కనిపెడతారు? పూర్తిగా స్టాప్‌వర్డ్‌లతోనే ఉన్న ప్రశ్న సంగతీ అంతే. ఒక నోటీసు వస్తుంది కానీ, అది కమాండ్ తెర ముందు కూర్చున్నవాడికే కనిపిస్తుంది. వెబ్‌పేజీలో పేరు కొట్టిన పాఠకుడికి ఖాళీ తెర మిగులుతుంది. కాబట్టి, అరిచే తప్పుకు ఒక వాక్యం చాలు, నోరు మెదపని తప్పుకు పేజీ కేటాయించు. ఇప్పుడున్న అధ్యాయంలో ఈ కొలత కొన్నిచోట్ల తలకిందులుగా ఉందని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం ఊరికే రాలేదు. 2010 ప్రాంతంలో నేను పనిచేసిన గ్రంథాలయంలో కార్డు కేటలాగును కంప్యూటర్లోకి ఎక్కించారు. ఏ గ్రంథాలయమో నీకు తెలుసు, కాగితం మీద పేరు పెట్టను. ప్రోగ్రాము రాసింది ఒక కుర్రాడు. తెలివైనవాడు, మర్యాద తెలిసినవాడు, టీ తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు. శీర్షిక, ఉపశీర్షిక రెండింటిలోనూ కలిపి వెతకాలని అడిగాం. అతను మాన్యువల్ తెరిచాడు. టేబుల్లో ఎలా వెతకాలో చెప్పే 12.2.1 విభాగంలో సరిగ్గా అలాంటి ఉదాహరణే ఉంది: టైటిల్, కలపమని చెప్పే రెండు నిలువు గీతలు, కొటేషన్ల మధ్య ఒక ఖాళీ, మళ్లీ రెండు నిలువు గీతలు, బాడీ. బాడీ అన్నచోట ఉపశీర్షిక కాలమ్ పేరు పెట్టాడు. పరీక్షించాం, అన్నీ దొరికాయి. ఆ రోజు స్వీట్లు కూడా పంచారు.

అప్పటిదాకా ఉన్న రికార్డులన్నీ మా అమ్మాయిలు తెర ముందు కూర్చుని టైపు చేసినవి. పుస్తకానికి ఉపశీర్షిక లేకపోతే ఆ గడి వదిలేసేవాళ్లు, ప్రోగ్రాము అక్కడ ఖాళీ పాఠాన్ని దాచేది. ఖాళీ పాఠంతో ఏ చిక్కూ లేదు. ఆ తర్వాత ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు తన పుస్తకాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చేశారు. జాబితా ఆయన మనవడు ఎక్సెల్లో చేసిపెట్టాడు, ఎంత శ్రద్ధగా చేశాడో! ఆ ఫైలును ఒక్కసారిగా ఎక్కించారు. అందులో ఖాళీగా ఉన్న గడులు ఖాళీ పాఠంగా కాకుండా నల్‌గా, అంటే విలువే తెలియదన్న గుర్తుగా, వెళ్లాయి. తెలుగులో పాత పుస్తకాలకు ఉపశీర్షికలు ఎక్కడుంటాయి? దాదాపు అన్నింటికీ నల్లే.

నల్ అంటే ఏమిటో నీకు నేను చెప్పనక్కరలేదు. కానీ నీ పాఠకుడికి నువ్వు చెప్పాలి. శీర్షికకు నల్ కలిపితే వచ్చేది శీర్షిక కాదు, నల్. దాన్నుంచి చేసిన టీఎస్‌వెక్టర్ కూడా నల్. దాన్ని ప్రశ్నతో పోలిస్తే వచ్చే జవాబు అవునూ కాదు, కాదూ కాదు, నల్. వేర్ షరతు దగ్గర నల్ వచ్చిన వరుస బయటే ఆగిపోతుంది. ఎక్కడా ఎర్ర అక్షరాలు రావు, లాగ్‌లో ఒక్క వాక్యం పడదు.

మాస్టారు ఒక మధ్యాహ్నం గొడుగు పట్టుకుని వచ్చారు. ఏదో వ్యాసం రాస్తూ, తాను ఇచ్చిన పుస్తకమే ఒకటి మళ్లీ చూసుకోవాలనుకున్నారట. పాఠకుల కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ టైపు చేశారు. ఫలితాలు లేవు. మళ్లీ కొట్టారు. ఇంకో పుస్తకం పేరు కొట్టారు. లేదు. లేచి, రిజిస్టరులో వెళ్లే సమయం రాసి, నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఒక్క మాట అడగలేదు. కొన్ని నెలల తర్వాత ఒక పెళ్లిలో ఆయన వియ్యపురాలు కలిసి, "ఏమ్మా, బావగారి పుస్తకాలు తూకానికి వేసేశారటగా" అంది. ముద్ద గొంతు దిగలేదు.

మర్నాడు పొద్దున్నే అల్మరా తాళం తీయించాను. పుస్తకాలన్నీ వరుసగా, వెన్నున నంబరు చీటీలతో సహా ఉన్నాయి. ఒకటి చేతిలో పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేరు కొట్టాను, లేదంది. చీటీ మీద ఉన్న నంబరు కొట్టాను, వచ్చింది. ఇప్పుడే లేదన్న పేరు అక్షరం పొల్లుపోకుండా తెర మీదే ఉంది! కుర్రాడిని పిలిపించాను. అతను వెక్టర్ కాలమ్ నల్‌గా ఉన్న వరుసలు చూపించమని డేటాబేస్‌ను అడిగాడు. మాస్టారి పుస్తకాలు తెర నిండా దిగుతూ వచ్చాయి. ఆగకుండా వచ్చాయి. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

తర్వాత మాన్యువల్ తెరిచి చూపించాడు. తాను కాపీ చేసుకున్న ఉదాహరణ కిందనే ఒక వాక్యం ఉంది. స్పష్టత కోసం, నల్ ఉన్నచోట ఖాళీ పాఠం పెట్టే కోఅలెస్ ఫంక్షన్ పిలుపులు వదిలేశామనీ, రెండింటిలో ఒకటి నల్ అయిన వరుసలు దొరకాలంటే అవి కావాలనీ దాని సారాంశం. "రాసే ఉంది మేడమ్, చదవకపోవడం నా తప్పే" అన్నాడు. ప్రతి కాలమ్‌కూ కోఅలెస్ తొడిగి, వెక్టర్లన్నీ మళ్లీ కట్టించాడు. సాయంత్రం ఇద్దరం ఆ పుస్తకం పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లాం. ఆయన అట్ట తిప్పి తన సంతకం చూసుకుని, "ఉందన్నమాట" అన్నారు. కుర్రాడికి మజ్జిగ ఇప్పించారు.

తప్పు తనదేనని అతనన్నాడు, అతని పై అధికారీ అదే అన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఉదాహరణను కాపీ చేసే వేలు దాని కింద వాక్యం దగ్గర ఆగదు. ఆగుతుందని నమ్మి రాసిన మాన్యువల్ మనుషుల కోసం రాసింది కాదు. ఉదాహరణను ఒంటరిగా ఎత్తుకెళ్లినా అది ఎవరికీ హాని చేయకూడదు. నువ్వు ఈ పనిలో నా మాట ఒక్కటే వింటానంటే, ఇది విను.

అయితే రాసినవాళ్ల వాదనా కొట్టిపారేయదగ్గది కాదు. పాఠాన్ని ప్రశ్నతో పోల్చే ఆ రెండు 'ఎట్' గుర్తుల ఆపరేటర్‌ను అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడి ముందు కోఅలెస్‌లు, కొటేషన్లు, బ్రాకెట్లు గుమ్మరిస్తే వాడు అసలు సంగతే వదిలేస్తాడు. నాకు తోచిన దారి ఇది. ఆపరేటర్ నేర్పే ఉదాహరణలు ఒకే కాలమ్‌తో ఉంచు. రెండో కాలమ్ వచ్చిన క్షణం నుంచి కోఅలెస్ లేకుండా ఒక్క ఉదాహరణ కూడా వద్దు. పైగా నల్ ఉన్న ఒక వరుసను ఉదాహరణ టేబుల్లోనే పెట్టి, కోఅలెస్ లేనప్పుడు అది ఎలా మాయమవుతుందో, ఉన్నప్పుడు ఎలా వస్తుందో పక్కపక్కన చూపించు.

ఇక్కడ రెండు గోతులున్నాయి, జాగ్రత్త. 12.2.1 మార్చి ఊరుకుంటే సరిపోదు. నేను చూసిన ప్రతుల్లో దాని తర్వాత విభాగంలో, వెతుకులాటను వేగం చేసే జిన్ ఇండెక్స్ కట్టే ఉదాహరణలో కూడా రెండు కాలమ్‌లు కోఅలెస్ లేకుండానే కలిశాయి. ప్రశ్నలో ఉన్న వ్యక్తీకరణా ఇండెక్స్‌లో ఉన్న వ్యక్తీకరణా ఒకటే కాకపోతే డేటాబేస్ ఆ ఇండెక్స్‌ను ముట్టుకోదు. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచావంటే, నీ పాఠకుడికి ఫలితాలు వస్తాయి కానీ టేబుల్ మొత్తం తిరగేసి వస్తాయి. అదీ చప్పుడు లేని తప్పే. రెండోది, సమీక్షలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: ఇంత గందరగోళం ఎందుకు, పాఠాలను కలిపే కాన్‌క్యాట్ డబ్ల్యూఎస్ ఫంక్షన్ నల్‌లను తనే వదిలేస్తుంది కదా అని. మామూలు ప్రశ్నలో నిజమే. కానీ ఆ ఫంక్షన్ ఇమ్యూటబుల్ కాదు, అంటే ఎప్పటికీ ఒకే జవాబిస్తుందన్న హామీ దానికి లేదు, అది స్టేబుల్ మాత్రమే. ఇండెక్స్ వ్యక్తీకరణలోనూ, జనరేటెడ్ కాలమ్‌లోనూ దాన్ని రానివ్వరు. ఈ జవాబు ముందే సిద్ధం చేసుకో, లేకపోతే బిక్కముఖం వేసుకుని కూర్చుంటావు.

భాష సంగతీ కాస్త చూడు. టు టీఎస్‌వెక్టర్‌కు భాష పేరు ఇవ్వకపోతే అది డిఫాల్ట్ సెట్టింగు వాడుకుంటుంది. ఆ డిఫాల్టును డేటాబేస్ పుట్టినప్పుడు ఆ యంత్రం లొకేల్, అంటే భాషా ప్రాంతాల సెట్టింగు, చూసి నిర్ణయిస్తారు. రాసినవాడి లాప్‌టాప్‌లో ఇంగ్లిష్, సర్వర్లో మాటల మూలరూపం తీయని సింపుల్ అయి కూర్చుందనుకో, అక్కడ దొరికింది ఇక్కడ దొరకదు. ఇండెక్స్ కట్టేటప్పుడు భాష పేరు తప్పనిసరి అన్న నియమం దీనివల్లే వచ్చింది. అధ్యాయంలో అది ఉంది, కారణం కూడా ఉంది. కానీ మొదట్లో వచ్చే ఉదాహరణలు కొన్ని భాష పేరు లేకుండా, తర్వాతవి పేరుతో ఉంటాయి. అన్నింటికీ పేరు పెట్టేయమని నా సలహా. కాస్త పొడుగవుతాయి, అవనీ.

మన భాషకు అక్కడ ఏముందో కూడా తెలిసి ఉండు, ఎవరైనా అడుగుతారు. మాటల మూలరూపం తీసే స్నోబాల్ స్టెమ్మర్లలో 12వ వెర్షన్‌తో తమిళం వచ్చింది, 14తో హిందీ వచ్చింది. తెలుగు ఇంకా లేదు. మేం సింపుల్ వాడుకున్నాం. దానికి పుస్తకం వేరు, పుస్తకాలు వేరు, పుస్తకానికి వేరు. మాట మొదటి భాగం ఇచ్చి పక్కన కోలన్, నక్షత్రం పెడితే ఆ మూడూ దొరుకుతాయి, కానీ ఇల్లు అని వెతికినవాడికి ఇంటికి అన్నది ఆ దారిలో దొరకదు. అయినా ఒక సంగతి నాకు భలే నచ్చింది. పాఠాన్ని మాటలుగా విడగొట్టే ఆ పార్సర్ కోడులో మన లిపుల గుణింతపు గుర్తుల కోసం ఒక ప్రత్యేక పట్టిక ఉంది, తెలుగు సున్నా, విసర్గ అందులో పేరుపేరునా ఉన్నాయి. అవి అక్షరాలు కావనుకుని మాటను మధ్యలో విరిచేయకుండా ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ రాశారు. స్టెమ్మర్ లేని భాషవాళ్లు ఏం చేయాలో ఒక చిన్న పేరా నువ్వు రాయగలవు. రాయి. అయితే మొదటి ప్యాచ్‌లో వద్దు, ముందు నీ చేతిరాత వాళ్లకు అలవాటు కానీ.

సమీక్ష అన్నానుగా, అక్కడ మనుషులు పొడిపొడిగా మాట్లాడతారు. నువ్వు రెండు రాత్రులు కూర్చుని రాసిన పేరాకు ఒకే ఒక్క వాక్యంలో అక్కరలేదని జవాబు వస్తుంది. నమస్కారం ఉండదు, బాగుందీ ఉండదు. అది కోపం కాదు, తీరిక లేకపోవడం. నువ్వు చిన్నప్పటి నుంచి అంతే, ఎవరైనా గొంతు పెంచితే అన్నం మానేసేదానివి. ఐదో తరగతిలో లెక్కల టీచరు నోటుబుక్కు మీద ఎర్రగీత పెట్టిందని మంచం కింద దూరిన పిల్లవు! అందుకే చెబుతున్నాను, అలాంటి జవాబు వచ్చిన రోజు తిరుగు జవాబు రాయకు. మర్నాడు రాయి, అందులో ఒకే ప్రశ్న అడుగు. వాళ్లు చెప్పింది సరైనదైతే మారు మాట్లాడకుండా మార్చు. సరైనది కాదనిపిస్తే నడిపి చూపించే ఉదాహరణ పంపు, అభిప్రాయం పంపకు. పదిమంది డేటాబేస్ పండితుల ముందు నీ నల్ వరుస ఒక్కటి చాలు.

నీ ఇంగ్లీషు గురించి నువ్వు భయపడుతున్నావని మీ అమ్మ అంది. తెలుగు మీడియం పిల్లవని ఎవరైనా ఏమైనా అన్నారా? అన్నా పట్టించుకోకు. మాన్యువల్‌కు కావలసింది పొట్టి వాక్యం. కర్త ఎవరో, ఏం చేస్తే ఏం జరుగుతుందో తెలిస్తే చాలు. పెద్ద పెద్ద మాటలు వచ్చినవాళ్లే ఎక్కువ పాడుచేస్తారు. నువ్వు రాసింది పైకి చదువు. ఊపిరి ఆగిన చోట వాక్యం విరుగు.

ఇంకొకటి మరిచిపోయేదాన్ని. ఫలితాల్లో వెతికిన మాటను మెరిపించి చూపే టీఎస్ హెడ్‌లైన్ ఫంక్షన్ గురించి రాసేచోట రెండు సంగతులు గట్టిగా చెప్పు. అది ఇండెక్స్‌ను కాదు, అసలు పాఠాన్ని చదువుతుంది, కాబట్టి నెమ్మది. ముందు పది ఫలితాలు ఎంచుకుని వాటికే నడపాలి. దాని ఫలితాన్ని శుభ్రం చేయకుండా వెబ్‌పేజీలో పెడితే ఎవడైనా పాఠంలో దాచిన స్క్రిప్టు పాఠకుడి బ్రౌజరులో నడిచే ప్రమాదం ఉంది. ఆ హెచ్చరిక ఉదాహరణకు పైన ఉండాలి. ఎందుకు పైన అంటున్నానో ఇప్పుడు నీకు వేరే చెప్పక్కరలేదు కదా.

రాత్రి పన్నెండు దాటాక ప్యాచ్ పంపకు. మీ అమ్మ నీ కళ్ల కింద నలుపు గురించి చెప్పింది, బెంగళూరు నీళ్ల వల్ల కాదని నాకూ తెలుసు. ఆదివారాలు కూర్చో, రోజూ వద్దు. ఆ అధ్యాయం ఇన్నేళ్లు ఆగింది, ఇంకో నాలుగు వారాలు ఆగుతుంది. మణికట్టు నొప్పి తగ్గిందా? తగ్గకపోతే తగ్గిందని రాయకు.

నల్ వరుస ఉదాహరణ రాశాక ముందు నాకు పంపు. నేను దాన్ని పైనా కిందా ఏమీ చదవకుండా, ఉదాహరణ ఒక్కటే కాపీ చేసి నా పాత కంప్యూటర్లో నడుపుతాను. నాకు తేడా వస్తే మళ్లీ రాద్దువుగాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ

తా.క. జనరేటెడ్ కాలమ్ చేర్చే ఉదాహరణ దగ్గర ఒక్క వాక్యం చేర్చు. ఇప్పటికే ఉన్న పెద్ద టేబుల్‌కు స్టోర్డ్ కాలమ్, అంటే విలువను టేబుల్లోనే దాచే కాలమ్, చేర్చితే టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, అంతసేపూ తాళం పడుతుంది. పాఠకులు వరుసలో నిలబడి ఉన్న సోమవారం పొద్దున ఎవరూ ఆ పని చేయకుండా చూడు.